గెడ్డం కింద కొబ్బరి పిందె

మా మాస్టారు పోయేరు. మొన్న మంగళవారం పొద్దున్న, ముమ్మిడివరంలో వారి వాకిట్లో మంచమ్మీద కూర్చుని కాఫీ తాగుతూ పక్కకి ఒరిగిపోయేరట. మా అమ్మాయి ఫోన్లో చెప్పింది. వాక్యం చెప్పడానికి తెరిచిన బైబిలు అలాగే చంకన పెట్టుకుని బయల్దేరేను.

సోదరులారా, నేను నిలబడితే మైకు అక్కర్లేదని మీకు తెలుసు. ఈ గొంతు కంటే ముందు నాకు పిడికిళ్ళుండేవని మీలో చాలామందికి తెలీదు. మాస్టారు గల్ఫ్‌లో డ్రైవరు పని చేస్తూ తోటివాళ్ళ దగ్గర బాక్సింగ్ నేర్చుకొచ్చినాయన. ఇరవయ్యేళ్ళ కిందట నన్ను తన కొబ్బరితోటలో నిలబెట్టేరు. నేను పొట్టి, బండ. గెడ్డం ఎత్తి మీదకి దూకడం ఒక్కటే తెలుసు. ఆయన రాలిన కొబ్బరి పిందె ఒకటి ఏరి, నా గెడ్డం కింద ఇరికించి, "ఇది పడకుండా కొట్టండి" అన్నారు. రెండు చెట్లకి పీచుతాడు కట్టి దాని కింద అటూ ఇటూ దూరమనేవారు. నడుం వంచితే ఊరుకునేవారు కాదు. "నేల చూస్తే ఎదుటివాడు కనపడడండీ. మోకాళ్ళు వంచండి."

ఒకసారి నా ప్రసంగానికొచ్చి చివరిదాకా కూర్చున్నారు. "బాగా చెప్పేరు. గెడ్డం లేచిపోతోందండీ" అన్నారు. దించేను. అదివరకు ప్రతి ప్రసంగానికీ బొంగురు పోయే గొంతు ఆ తర్వాత పోలేదు.

తప్పు నాది, చెప్పుకుంటాను. మా అమ్మాయి బాక్సింగ్ నేర్చుకుంటానంటే మాస్టారిని అడక్కుండా ఇంటి దగ్గర నేనే మొదలెట్టేను. నాకు చెప్పిందే ధర్మశాస్త్రం అనుకున్నాను. పిల్లది వాళ్ళమ్మ పోలిక, నాకంటే జానెడు పొడుగు, సన్నటి ఒళ్ళు. దాన్ని కుదించి, చేతులు చెంపలకి ఆనించి, మీదమీదకి వెళ్ళమన్నాను. మొదటి పోటీలోనే ముక్కు పగిలింది. ఇక ఆట చాలన్నాను. పిల్ల నాతో మాట్లాడ్డం మానేసింది.

ఆ పోటీ చూసిన మాస్టారు ఇంటికొచ్చేరు.

"పాస్టరుగారూ, పిల్లకి ఆ నిలబడ్డం ఎవరు నేర్పేరండీ?" నేను ఊరూరా వాక్యం చెప్పేవాణ్ణే గానీ పాస్టరుని కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆ పిలుపు మానలేదు.

"మీరు నేర్పిందే కదండీ!"

"ఆయ్. మీకు నేర్పేను, మీ ఒంటికి. మీ చొక్కా పిల్లకి తొడుగుతారేంటండీ?"

బైబిల్లో గొర్రెలు కాసుకునే కుర్రవాడు రాజుగారి కవచం తొడుక్కుని, అడుగు పడక విప్పేసిన ఘట్టం మీద ఎన్ని ఊళ్ళలో కేకలేసేనో! ఇంట్లో నా కవచం నా కూతురికే తొడిగేను.

"రెండు నెలలివ్వండి. మళ్ళీ నెత్తురు చూస్తే నేనే మాన్పిస్తాను" అన్నారు.

తాడు ఎత్తుగా కట్టేరు. నిటారుగా నిలబడి, ఎడమ చెయ్యి పొడుగ్గా చాపి, దెబ్బ వచ్చేసరికి అరడుగు వెనక్కి జరగమన్నారు. "నీకు దేవుడు దూరం ఇచ్చేడమ్మా, ఎందుకు వదులుకుంటావు?" పిందె మాత్రం మార్చలేదు. పొట్టికైనా పొడుగుకైనా గెడ్డం గెడ్డమేనట.

తర్వాతి పోటీ అమలాపురంలో. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మాస్టారు మోచేత్తో పొడిచేరు. "తెరవండి, చూడాల్సింది ఇదేనండీ." ఎదుటి పిల్ల పిడికిళ్ళు మా అమ్మాయి ముఖం ముందర గాలినే కొట్టేయి. మా పిల్లే గెలిచింది. మాస్టారు ఆ సంగతే ఎత్తలేదు. దాని ముక్కు పట్టుకు చూసి, "ఆయ్, ఎక్కడిది అక్కడే ఉంది" అన్నారు.

అంత్యక్రియల మర్నాడు ఇద్దరం తోటకి వెళ్ళేం. తాడు అలాగే ఉంది. మా అమ్మాయి దాన్ని విప్పి, నన్ను ఓసారి పైనుంచి కిందకి చూసి, నా భుజమెత్తుకి దించి కట్టింది. ఓ పిందె ఏరి, దుమ్ము తుడిచి, నా గెడ్డం కింద పెట్టింది.

"నడుం కాదు నాన్నా, మోకాళ్ళు."

చంకలో బైబిలు చెట్టు మొదట్లో పెట్టి తాడు కింద దూరేను. అటు, మళ్ళీ ఇటు. పిందె పడలేదు.