నిద్రపోయే గడ్డలకు నీళ్ళు

మా చెల్లెలు జబల్ అఖ్దర్ కొండ మీద, తను పనిచేసే ఇంట్లో, నిద్రలోనే పోయింది. ఆ ఇంటి పెద్దావిడ కొడుకు ఫోన్ చేసేసరికి నేను మస్కట్ పక్కన సీబ్‌లో, నేను పనిచేసే మా మేడమ్ వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. "పొద్దున చాయ్‌కి లేవలేదు" అని ఆయన హిందీలో చెప్పాడు. ఫోన్ పెట్టేసి, బియ్యం ఇంకోసారి కడిగి, ఎసట్లో పోసి, అప్పుడు కూర్చున్నాను. ఎందుకలా చేశానో నాకు తెలియదు.

మాది కడప వైపు. నేను ముందొచ్చి, మూడేళ్ళకు దాన్ని పిలిపించుకున్నాను. నాకు సముద్రం పక్కన ఉక్కపోత దొరికింది, దానికి కొండ మీది చలి. చలికాలంలో ఫోన్ చేస్తే రెండు దుప్పట్ల లోపలి నుంచి మాట్లాడేది.

ఆ ఇంటి వరండాలో ఏడు కుండీలు ఉండేవి. వాటిలో ఎర్రగడ్డల్లాంటి, అంటే ఉల్లిపాయల్లాంటి గడ్డలు, పిడికిలి కంటే పెద్దవి. దక్షిణ అమెరికా జాతి. పెద్దావిడ భర్త బతికున్న రోజుల్లో తెప్పించినవి. చలి తగ్గాక ఒక్కో గడ్డ నుంచి లావుపాటి కాడ లేచి, కాడకు నాలుగేసి ఎర్రటి పూలు బూరల్లా విచ్చుకునేవి. పెద్దావిడకు చూపు బాగా తగ్గింది. మనవళ్ళ ముఖాలు కూడా పోల్చుకోలేదు. ఆ ఎరుపు మాత్రం ఆమెకు కనిపించేది. పూసిన నెలంతా కుర్చీ అక్కడే వేయించుకునేది.

"ఇవి గూడా మన మాదిరే వీసా మీద వచ్చినవే అక్కా," అనేది మా చెల్లెలు. "చలి పడదు. అయినా సర్దుకోని ఉండాయి."

గడ్డ నాటేటప్పుడు సగం పైన వదిలేది. "మెడ బయట పెట్టల్ల. మెడ దాకా పూడిస్తే కుళ్ళిపోతాది" అనేది. చలి మొదలవగానే నీళ్ళు ఆపేసేది. ఆకులు పసుపెక్కి వాలిపోయాక, కుండీలను ఖర్జూరాలు దాచే గదిలోకి మార్చేది. వారానికోసారి వెళ్ళి ఒక్కో గడ్డ మెడ బొటనవేలితో నొక్కి చూసేది. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మొగ్గ తల బయటపెట్టాకే మళ్ళీ నీళ్ళు పోసేది. చలికాలంలో నీళ్ళు ఆపాలన్న మాట నాకు అప్పటికి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు.

ఒక చలికాలం పెద్దావిడను కంటి ఆసుపత్రికి మస్కట్ తీసుకొచ్చారు. తోడుగా మా చెల్లెలు వచ్చింది. ఆ పదిహేను రోజులు ఇల్లు చూడమని, మా మేడమ్‌ను అడిగి, నన్ను కొండ మీదికి పంపారు. మొదటి రోజే ఆ గదిలో కుండీలు చూశాను. మట్టి పగుళ్ళిచ్చి ఉంది. మా నేలలో పుట్టినవాళ్ళు ఎండిన మట్టిని చూసి ఊరుకోలేరు. వాన కోసం దేవుడి ముందు కూర్చున్న ఇళ్ళు మావి. రోజూ పొద్దున దీపం పెట్టి, ఒక్కో కుండీకి చెంబెడు నీళ్ళు పోశాను. పుణ్యమనే అనుకున్నాను.

వాళ్ళు తిరిగొచ్చేసరికి గదిలో వాసన. మా చెల్లెలు ఒక గడ్డ మీద వేలు పెడితే వేలు లోపలికి దిగింది.

"తాపినావా అక్కా?"

"ఎండిపోయి ఉంటే ప్రాణం ఒప్పలేదే."

అది నా ముఖం చూసింది. నవ్వింది. "నిద్రపోయేటోళ్ళ నోట్లో యాడన్నా నీళ్ళు పోస్తారా? నీ భక్తి పాడుగాను."

తర్వాత లోపలికెళ్ళి పెద్దావిడతో అరబ్బీలో చెప్పింది, కుండీలకు నీళ్ళు పోయమని అక్కకు తనే చెప్పి వెళ్ళానని, తప్పు తనదేనని. నాకు ఆ మాత్రం అరబ్బీ వచ్చు. గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. ఇంటికి పెద్దదాన్ని నేను.

ఆరు పోయాయి. ఒక్కటి మిగిలింది. దాని పక్కన వేలెడంత పిల్ల గడ్డలు మూడు. వాటిని విడదీసి మెడ బయటపెట్టి నాటింది. "పూసేకి మూడేండ్లు పడతాది. పెద్దామె ఉంటాదిలే, మనమూ ఉంటాంలే" అంది. తల్లి గడ్డ నీరసించి అప్పటి నుంచీ ఆకులే తప్ప పూలివ్వలేదు. పెద్దావిడ మాత్రం కుర్చీ అక్కడే వేయించుకుంటూ వచ్చింది. రాబోయే వసంతానికి మూడేళ్ళు.

కడపకు పంపే ముందు మార్చురీలో నాకు చెల్లెలి ముఖం చూపించారు. మా వైపు పోయేవాళ్ళ గొంతులో చుక్క నీళ్ళు పోస్తారు. అది పోయినప్పుడు నేను దగ్గర లేను, కనీసం పెదవులైనా తడుపుదామని తులసి నీళ్ళు చిన్న సీసాలో తీసుకెళ్ళాను. మూత తీశాను. ఎంతో అలసిపోయి పడుకున్నట్టుంది. దాని మాట చెవిలో వినిపించింది. మూత పెట్టేశాను.

తర్వాతి శుక్రవారం దాని బట్టలు తెచ్చుకోవడానికి కొండెక్కాను. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పుడు చెప్పాను, నీళ్ళు పోయమని నాకెవరూ చెప్పలేదని, నేనే పోశానని. మూడేళ్ళు ఆలస్యంగా, తప్పుల అరబ్బీలో.

ఆమె, "తనను కోప్పడ్డాను ఆ రోజు. రెండు రోజులు మాట్లాడలేదు" అంది. కాసేపటికి, "ఖలాస్. ఇప్పుడు మాత్రం పోయకు" అంది.

ఖర్జూరాల గదిలోకి వెళ్ళాను. నాలుగు కుండీలు వరసగా ఉన్నాయి. మట్టి అలాగే పగిలి ఉంది. పిల్లలు ఇప్పుడు నా పిడికిలంత ఉన్నాయి. దానిలాగే బొటనవేలితో ఒక్కో మెడ నొక్కి చూశాను. నాలుగూ గట్టిగా ఉన్నాయి.

సంచిలో ఆ తులసి నీళ్ళ సీసా ఇంకా నిండుగానే ఉంది. దాన్ని కుండీల పక్కన అరలో పెట్టి వచ్చాను. మొగ్గ తల బయటపెట్టిన రోజు నాకు ఫోన్ చేయించమని పెద్దావిడతో చెప్పాను.