ఆరు నుంచి ఏడు దాకా మా గ్రౌండు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వీధిలో అందరికీ తెలుసు. మా అత్తకు ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆమె కోపం నా కోపం కంటే ముందు నిద్ర లేస్తుంది. ఎమ్మిగనూరులో మగ్గాల వీధి చివర మా ఇల్లు. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను ముందుగదిలో మిషను కుడతాను. మిషను దగ్గర కూర్చుంటే కిటికీలోంచి మా వీధి క్లబ్బు గ్రౌండు కనిపిస్తుంది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇరవై ఏళ్లు నేను ఆ గ్రౌండును కిటికీలోంచే చూశాను.

క్లబ్బంటే పెద్దగా ఏమీ లేదు. ఒక రేకుల షెడ్డు, ఒక క్యారంబోర్డు, తుప్పుపట్టిన డంబెల్సు, ఒక వాలీబాల్ నెట్టు. వానాకాలంలో గ్రౌండులోని నల్లరేగడి అడుగుపెట్టిన వాడి చెప్పుల్ని తిరిగి ఇవ్వదు, అందుకని అందరూ షెడ్డులో చేరి క్యారంబోర్డు చుట్టూ కొట్లాడుకుంటారు. దసరాకు దేవరగట్టు కర్రల కొట్లాటకు పోయిన వాళ్లలో ఇద్దరు ముగ్గురు తలకు గుడ్డ కట్టుకొని వస్తారు కాబట్టి, కార్తీకం దాకా వాలీబాల్ టీము కుదురుకోదు. చలికాలం వచ్చేసరికి వెనక కాలనీ కూలివాళ్లు సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలస పోవడాన్ని మేము సుగ్గి అంటాం. అప్పుడు గ్రౌండులో ముసలివాళ్లు, కుక్కలు మిగులుతారు. ఉగాది దాటాక అందరూ తిరిగి వస్తే అసలు సీజను మొదలవుతుంది. కబడ్డీ, వాలీబాల్, చివర్లో ఆదోనిలో వేసవి పోటీలు.

ఇందులో ఆడవాళ్ల వాటా ఏటా ఒక్కటే, జాతరప్పుడు ముగ్గుల పోటీ. ఒక ఏడాది క్లబ్బు ప్రెసిడెంటు ఆ పోటీకి పేరు రాయించుకోవడానికి మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు వాలీబాల్ బాగా ఆడిన పెద్దాయన, మర్యాదస్తుడు. ఆ రోజు మిషనులో దారం నాలుగుసార్లు తెగి ఉంది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, దారం మీది కోపం ఆయన మీద చూపించాను.

"ముగ్గులేయనీకే మేము, ఆడనీకే మీరా?"

"ఆడతామంటే వద్దన్నదెవరమ్మా?" అన్నాడాయన, మాటవరసకు.

మాటవరసకు అన్న మాటను నేను పట్టుకున్నాను. సుగ్గికి పోయిన వాళ్లు తిరిగి రాగానే కాలనీ ఆడవాళ్లను కూడగట్టాను. వాళ్లందరి జాకెట్లు కుట్టేది నేనే కాబట్టి ఎవరు ఎంత భుజమో నాకు కంఠస్థం. వాలీబాల్ పిల్లలు మూతులు ముడుచుకున్నా ప్రెసిడెంటు మాట తప్పలేదు. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా గ్రౌండు మాది.

ఆ గంటలో మేము చేసిన ఘనకార్యాలేమీ లేవు. ఖోఖో ఆడాం. నలభై ఏళ్ల మనిషి ఒక రౌండు పరుగెత్తి, ఆయాసంతో కింద కూర్చొని, చిన్నపిల్లలా నవ్వేది. ఆదివారం చర్చిలో సాయంత్రం ప్రార్థన ముగించుకొని ముగ్గురు అటునుంచి అటే వచ్చేవాళ్లు. నాకైతే ఆ గంట ప్రాణం. ఇరవై ఏళ్లలో మొదటిసారి, రోజులో ఒక గంట నన్నెవరూ ఉప్పేదీ, పప్పేదీ, నా చొక్కా గుండీ ఏదీ అని అడగలేదు. ఆ గంట కోసం మిగతా పదిహేను గంటలు నోరు మూసుకొని పని చేసేదాన్ని. అంటే, దాదాపు నోరు మూసుకొని.

నెల తిరక్కముందే వాలీబాల్ పిల్లలు క్లబ్బు మీటింగులో ఫిర్యాదు పెట్టారు. మంచి వెలుతురు గంట వృథా అవుతోందట. "వాళ్లు ఆడేదేముందన్నా, ఊరికే నవ్వుకుంటాండారు. ఆటంటే పోటీ ఉండాల కదా." ప్రెసిడెంటుకు అది న్యాయంగానే తోచింది. నన్ను పిలిపించాడు.

"ఆదోని పోటీల్లో ఈసారి ఆడోళ్లకు తాడు లాగుడు పెట్టినారమ్మా. పోయి కప్పు తెండి. తెస్తే ఆ గంట ఎప్పటికీ మీదే. తేకపోతే వాలీబాల్‌కు వదిలేయండి."

వాళ్లను అడిగి చెబుతానని అనొచ్చు కదా. అనలేదు. "సరే, తెస్తాం," అని గట్టిగా అని లేచి వచ్చేశాను. గ్రౌండులో విషయం చెప్పగానే మా వాళ్లందరూ నా మొహం వంక చూశారు.

"అందరి గంటనూ నువ్వొక్కదానివే పందెం కాసి వచ్చినావా?" అంది ఒకామె.

అప్పటి నుంచి కుట్టిన ప్రతి కుట్టూ వంకరే పోయింది.

మొదటి ప్రాక్టీసుకు మాకు ఎదురు నిలబడింది ఆ వాలీబాల్ పిల్లలే. టీముకు కావాల్సిన ఎనిమిదో మనిషి ఇంకా దొరకలేదు, ఏడుగురం మోకు పట్టుకున్నాం. విజిలు పడగానే ఒక్క ఊపున లాగాం. పిల్లలు రెండడుగులు మా వైపు తూలారు. అంతలో ఏమైందో, మేమే ముందుకు పోయాం. మళ్లీ లాగాం, మళ్లీ ముందుకు పోయాం. నాలుగు ఊపుల్లో గీత దాటి వాళ్ల ఒళ్లో పడ్డట్టు పడ్డాం.

"అక్కా, మేం లాగకపోయినా మీరే మా కాడికి వస్తాండారు," అని వాళ్లు పొట్టలు పట్టుకున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మోకు మందం ఎక్కువని నేను వాదించాను.

వాళ్లకంటే గట్టిగా నవ్విన మనిషి మా ఏడుగురిలోనే ఒకతి ఉంది. కౌతాళం నుంచి వెనక కాలనీకి వచ్చిన కోడలు. కాలువ కింద వరి పొలాల్లో పెరిగిన పిల్ల. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తుంది.

"మీరు తాడు లాగుతాలేరు, బుడ్డలు పీకుతాండారు," అంది.

బుడ్డలంటే వేరుశనగ కాయలు. అనగానే నాకు తల మీద మొట్టినట్టయింది. నేను పుట్టింది నందవరం దగ్గర పల్లెలో, పెళ్లయ్యేదాకా బుడ్డల చేలలో కూలికి పోయాను. ఈ పిల్ల తప్ప మిగతా వాళ్లు నేటికీ పోతారు. చెట్టును మొదట్లో రెండు చేతులా పట్టి, నడుము బలంతో పీకి, మన్ను దులిపి పక్కన వేసి, ఒక అడుగు ముందుకు. మళ్లీ పీకు, మళ్లీ అడుగు ముందుకు. ఏళ్ల తరబడి చేసిన ఆ పని మా కాళ్లలో ఉండిపోయింది. లాగడం మాకెవరూ నేర్పనక్కర్లేదు. లాగిన వెంటనే ముందుకు పోకుండా ఉండడమే రాదు.

"మా దిక్కు నాట్లకు రండి. యావరూ ముందుకు పోరు. నాటుకుంటా నాటుకుంటా హిందక్కె," అంది కౌతాళం కోడలు. వెనక్కి అని.

మరుసటి రోజు నుంచి మోకు పక్కన పెట్టించింది. మమ్మల్ని వరసగా నిలబెట్టి, నడుములు వంచి, చేతిలో లేని నారును నాటించింది. "హిందక్కె" అన్నప్పుడల్లా అందరం ఒకే అడుగు వెనక్కి. ఎనిమిది రోజులు అదే. గోడ ఎక్కి చూసిన పిల్లలు గ్రౌండులో వరి ఎప్పుడు కోతకొస్తుందని అడిగారు. ఆ తర్వాత మోకును గ్రౌండు చదును చేసే రాతి రోలరుకు కట్టి, వెనక్కి నడుస్తూ లాగించింది. రోజూ గంటసేపు లాగేసరికి గ్రౌండు అద్దంలా చదునైంది. ఆ లాభం వాలీబాల్ వాళ్లకే పోయినందుకు నేను మండిపడ్డాను.

ఇక చివరి మనిషి కావాలి. తాడు కొసను నడుముకు చుట్టుకొని కదలకుండా నిలబడే మనిషి. ఆ మనిషి తనంతట తానే వచ్చింది, నన్ను తిట్టడానికి. నేను ఆలస్యం చేశానని మా అత్త గ్రౌండు దాకా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని కాసేపు చూసింది.

"ఏం లాగుతాండారే, అన్నం తినలేదా? ఇట్లియ్యి ఆ కొస."

మామ పోయాక పిల్లల్ని పెంచడానికి ఆమె మగ్గం గుంతలో దిగింది. కూర్చుంటే రోజంతా లేచేది కాదు. మనిషి బరువు, మాట బరువు, పట్టు అంతకంటే బరువు. కొస నడుముకు చుట్టుకొని ఆమె మడమలు నేలలో దించితే మేము ఏడుగురం తిరగబడి లాగినా కదల్లేదు. ఆడది గ్రౌండుకెక్కితే ఇంటి పరువు పోతుందని నాతో మూడు రోజులు మాట్లాడని మనిషి ఈమేనా అని నేను నోరు తెరిచాను. "ఈగలు పోతాయి, మూసుకో," అంది.

పోటీల రోజు రెండు ఆటోల్లో ఆదోని చేరాం. అక్కడ పత్తి తూచే కాటా మీద టీములను తూచారు. మా ఎనిమిది మంది బరువు చూసి తూచే అతను ఇంకొకరెవరైనా రావాలా అని అడిగాడు. మా అత్తను లెక్కలో వేసి కూడా అంతే! మిగతా టీములకు రంగు టీషర్టులు, బూట్లు. మా వాళ్లు పత్తి తీయడానికి పోయేటప్పుడు చీర మీద వేసుకునే మొగుళ్ల ఫుల్‌చేతుల చొక్కాలతోనే వచ్చారు. వెనక నంబర్లు నేను కుట్టాను. కాళ్లకు ఏమీ లేవు. నేలను పట్టుకోవాల్సిన కాళ్లకు ఎందుకు?

మొదటి రెండు టీములు మా ముందు నిలవలేదు. ఫైనల్లో ఎదురైంది జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు. పత్తి బోరాలు మోసిన భుజాలు. జాకెట్లు కుట్టే దాన్ని కదా, కొలతలు చూడగానే మేము ఎంత తక్కువో లెక్క తేలిపోయింది. మూడింట్లో రెండు గెలవాలి.

మొదటి పట్టులో బాగానే లాగాం. మోకు మధ్య కట్టిన గుర్తుగుడ్డ మా వైపు వస్తోంది. జనం అరిచారు. ఆ అరుపుకు నా ఒళ్లు పొంగిపోయి, గట్టిగా ఒక్కసారి పీకి, అడుగు ముందుకు వేశాను. నేనే! నా వెనక వాళ్ల వరస చెదిరింది. రెప్పపాటులో అందరం దుమ్ములో ఉన్నాం.

లేవడానికి కూడా సిగ్గేసింది. అందరి గంటను అడక్కుండా పందెం కాసింది నేను, ఇప్పుడు పోగొడుతున్నదీ నేనే. వెనక నుంచి మా అత్త గొంతు గ్రౌండంతా వినబడింది.

"ఏమ్మే, యాడికి పోతాండావు ముందుకు? మీ అమ్మోళ్ల చేనికా?"

ఎదుటి టీము కూడా నవ్వింది. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ కోపాన్ని నోట్లోకి రానివ్వకుండా మడమల్లోకి దించాను. నా జీవితంలో కోపం పనికొచ్చిన రోజు అదే. రెండో పట్టు మాది.

మూడో పట్టులో చాలాసేపు ఎవరూ కదల్లేదు. మోకు సన్నగా కిర్రుమంటోంది. అరచేతులు కాలిపోతున్నాయి. కౌతాళం కోడలు పిలవడం లేదు. పిలువే తల్లీ అని లోపల మొక్కుకున్నాను. వరసలో అందరికంటే ముందున్న ఆమె ఎదుటి వాళ్ల భుజాల వైపే చూస్తోంది. వాళ్లు ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం సడలారు.

"హిందక్కె!"

ఒక అడుగు. "హిందక్కె!" ఇంకో అడుగు. ఎనిమిది మందిమి ఒకే మనిషిలా, పొలం గట్టు చేరాల్సిందే అన్నట్టు వెనక్కి నడిచాం. పిలుపు తప్ప నాకేమీ వినబడలేదు. విజిలు కూడా. గీత దాటి, పోటీలు పెట్టిన వాళ్ల బల్ల దాటి, వాళ్ల షామియానాలోకి పోయాం. ప్లాస్టిక్ కుర్చీలు పటపటా పడ్డాయి. రెఫరీ చేతులూపుతూ వెంటపడి, "అయిపోయిందమ్మా, గెలిచినారు, నిలవండి!" అని అరిస్తే గానీ ఆగలేదు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. దుమ్ము, చెమట, కన్నీళ్లు కలిసి మొహం బురదైంది. అంత ఆనందం నాకు పెళ్లిలోనూ కలగలేదు, కాన్పులోనూ కలగలేదు, ఎవరేమనుకున్నా సరే. మా వాళ్లు ఒకళ్ల చొక్కాలు ఒకళ్లు పట్టుకొని గెంతుతున్నారు. అందరి గంటనూ పందెం కాశావా అన్న ఆమె వచ్చి నన్ను రెండు చేతులా ఎత్తి గిరగిరా తిప్పింది. వాలీబాల్ పిల్లలు ఈలలు వేశారు, పాపం, గొంతులు పోయేదాకా.

ప్రెసిడెంటు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి.

"మాటంటే మాటేనమ్మా," అన్నాడు. "ఆ గంట ఇంక మీదే."

నేను దండం పెట్టబోయాను. మా అత్త నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. పడిన కుర్చీల్లో ఒకటి నిలబెట్టుకొని, మోకు ఇంకా నడుముకు ఉండగానే తీరిగ్గా కూర్చుంది.

"గంట యాడ సాలుతాదప్పా?" అంది. "నేను పని సక్కబెట్టుకొని ఈ మోకాళ్లతో నడిసొచ్చేసరికే సగం గంట పోతాది. రెండు గంటలియ్యి."

ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, ఆమె వెనక నిలబడిన ఆరుగురినీ చూశాడు.

"ఐదింటి నుంచి తీసుకోండమ్మా," అన్నాడు.