రెండో వైరు, మూడో వైరు

నాన్న కారు రెండోసారి మిస్ కొట్టడానికి కారణం నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ఆ రోజు పేజీలో "కారు చెడిపోయింది" అని మాత్రమే రాసుకున్నాను.

మొదటిసారి తప్పు నాన్నది. సినిమా షూటింగులకు కాస్ట్యూమ్స్ వాళ్లను, వాళ్ల ట్రంకు పెట్టెలను చేరవేసే పాత పెట్రోల్ కారు ఆయనది. చిన్న రిపేర్లన్నీ ఫిల్మ్ నగర్‌లో మా ఇంటి ముందే, ఆ వాలులో చక్రాల కింద రాళ్లు పెట్టి, తనే చేసుకుంటాడు. టార్చి పట్టుకోవడం చిన్నప్పటి నుంచి నా పని. మాట్లాడనక్కర్లేని పని కాబట్టి నాకిష్టం. ఆ ఆదివారం నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చి, వాటి వైర్లు తిరిగి తగిలించాడు. స్టార్ట్ చేయగానే కారు కారంతా వణికింది. మెకానిక్కులు దాన్ని మిస్సింగ్ అంటారు. ఇంజన్‌లో ఎక్కడో పెట్రోల్ వేళకు అంటుకోవడం లేదన్నమాట.

పక్కింటి అంకుల్‌దీ డ్రైవర్ పనే. గోడ మీద చేతులు వేసి చూస్తున్నాడు.

"ఏంటన్నా, మీ కారు డాన్స్ మాస్టారి దగ్గర చేరిందా? నిలబడ్డ చోటే స్టెప్పులేస్తోంది!"

"నవ్వు తమ్మీ, నవ్వు. నీ బండి మొరాయించిన్నాడు నేను గూడ గిట్లనే నిలవడి నవ్వుత."

నాన్న ప్లగ్గులు విప్పి శాండ్ పేపర్‌తో రుద్దాడు. లాభం లేదు. పెట్రోల్‌లో నీళ్లు కలిశాయన్నాడు. చివరికి ఇంజన్ నడుస్తుండగానే చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని, ఒక్కో వైరూ పీకి, కళ్లు మూసుకుని విన్నాడు. వైరు పీకినప్పుడు శబ్దం కుంగితే అక్కడ బాగున్నట్టు. ఏమీ మారకపోతే అది ముందే చచ్చి ఉన్నట్టు.

"రెండు, మూడు చచ్చినయ్," అన్నాడు.

నిజమే. ఆ వైర్ల మీద చిన్న తెల్ల అంకెలుంటాయి. టార్చి వెలుగులో నాకు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండో ప్లగ్గుకు మూడో వైరు, మూడోదానికి రెండో వైరు. ఇంట్లో ఏ పుస్తకం దొరికినా చదివే అలవాటుతో కారుతో వచ్చిన పుస్తకమూ చదివాను. ఏ వైరు ఎక్కడుండాలో తెలుసు. నాన్న వాటివైపే చూస్తున్నాడు. అంకెల మీది మసిని బొటనవేలితో తుడిచాడు కూడా. అయినా ఆయనకవి కనబడలేదు.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఫోన్‌లో మెసేజ్ వస్తే "జర సదువు బిడ్డా, చేతులకు గ్రీజున్నది" అనడం, గ్రీజు లేని రోజుల్లో కూడా. ప్రొడక్షన్ వాళ్లను "రాసుడొద్దు సార్, మాట్లాడి పంపుండ్రి" అని అడగడం. పోయిన వారం దిగుడులో స్పీడ్ బ్రేకర్ మీద కారు ఎగిరిపడితే "గిది కొత్తగ ఏసిండ్రు" అనడం. అది నేను బడికి వెళ్లే రోజుల నుంచీ అక్కడే ఉంది.

ఇంజన్ ఆపి నాన్న, అంకుల్ చాయ్ తాగడానికి లోపలికి వెళ్లారు. నేను రెండు వైర్లూ మార్చి, దేని చోట దాన్ని పెట్టాను. తిరిగొచ్చి తాళం తిప్పితే ఇంజన్ మెత్తగా అందుకుంది.

"చూసినవా తమ్మీ, శాండ్ పేపర్ మహిమ!" అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు.

ఆయన పరువు కాపాడాననుకున్నాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. మర్నాడు తెల్లవారక ముందే మధురానగర్‌లో ముగ్గురు కాస్ట్యూమ్స్ అమ్మాయిలను ఎక్కించుకుని, జూబ్లీహిల్స్ మీద షూటింగ్ జరిగే ఇంటికి తేవాలి. మసక చీకటి, ఆ ఎత్తుపల్లాలు, వెనక సీట్లో నా వయసు వాళ్లు. "నీకు కండ్లు కనవడ్తలేవు" అని నాన్నతో చెప్పాలి. డ్రైవింగ్ తప్ప ఇంకో పని ఎరగని మనిషితో చెప్పాలి. అన్నం పెడుతూ రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ "పప్పు ఎయ్యాల్నా?" అని అడిగాను.

తెల్లవారుజామున నాన్న స్నానానికి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తి, ఆ రెండు వైర్లనూ మళ్లీ తారుమారు చేశాను.

కారు నిన్నటిలాగే వణికింది. నాన్న రెండు నిమిషాలు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత వెళ్లి పక్కింటి అంకుల్‌ను లేపాడు.

"తమ్మీ, ఇయ్యాల నా పికప్ జర నువ్వు పట్టుకో."

అంకుల్ ఈసారి నవ్వలేదు. "అలాగే అన్నా" అని తన కారు తీశాడు. దాని ఎర్ర లైట్లు మలుపు తిరిగేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

నాన్న బానెట్ ఎత్తాడు. టార్చి పట్టాను. ఆయన ఒక్కో వైరూ పీకి వినలేదు. నేరుగా ఆ రెండింటి మీదే చెయ్యి పెట్టాడు.

"శాండ్ పేపర్‌తోని మిస్సింగ్ పోతదా బిడ్డా? ముప్పై ఏండ్లాయె బండి తోలవట్టి. నాకు గంత ఎరుక లేదా?"

ఆయన రెండు వైర్లూ ఊడదీసి, కొసలు నా ముందుకు చాపాడు. తల ఎత్తలేదు.

"ఏది రెండో, ఏది మూడో నువ్వు సదువు, నేను బిగిస్త. తెల్లారినంక కండ్ల దవాఖానకు పోదాం. ఆటోల పోదాం."