సోఫా మీద నక్షత్రాల జంట

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. నేను చెప్పింది ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే ఆ తప్పు ఎదుటివాళ్లదే. ఇరవై ఆరేళ్ల వయసు, మూడేళ్ల పరిశోధన, ముక్కు మీద కోపం. ఈ మూడూ ఒకచోట చేరిన మనిషిని ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ భరించరు. మా ఇంట్లో ఆ భారం నాన్న మోశారు, కాకపోతే దానికో గడువు పెట్టారు.

నాన్న బస్సు కండక్టరు. నందిగామ, జగ్గయ్యపేటల మధ్య ఆయన దగ్గర టికెట్ తీసుకోని మనిషి ఉండడు. ముందుచూపుతో నా చేత బీఈడీ కూడా చేయించి పెట్టుకున్నారు. ఆ ఏడాది టీచరు ఉద్యోగాల ప్రకటన పడగానే ఆ ముందుచూపు పైకి లేచింది. "ఎల్లుండే ఆఖరు తేదీ. రేపు పేట కాలేజీలో ఉపన్యాసం ఉందన్నావుగా, వచ్చి వింటా. నువ్వు చేసేదేంటో నాకర్థమైందా, నీ చదువు నీది. కాలేదా, మర్యాదగా దరఖాస్తు పెట్టు," అన్నారు. అంతకుముందు ముప్పై సార్లయినా చెప్పి ఉంటాను. "ఆకాశంలో లక్షల నక్షత్రాలు ముద్దగా చేరిన గుంపులుంటాయి నాన్నా, వాటిలో ఎక్స్-కిరణాలు చిమ్మే జంటలు ఎలా ఏర్పడతాయో..." అనేసరికి ఆయన చూపు పచ్చడి గిన్నె మీదికి వెళ్లిపోయేది. అదేం ఉప్పు సరిపోయిందా లేదా అన్నంత సులువైన విషయమా!

మర్నాడు పొద్దున పదింటికి కాలేజీకి వెళ్లాను. చిన్న వేదిక, దాని మధ్యలో ఇద్దరు పట్టే సోఫా. నన్ను, ప్రిన్సిపాల్ గారిని అందులో కూర్చోబెట్టి, చెరొక జీడిపప్పు ప్లేటు పెట్టారు. ఇంకేం, మొదలుపెట్టడమే అనుకుంటుండగా కాలేజీ కమిటీ ప్రెసిడెంట్ గారు వచ్చారు. నిండైన మనిషి. "అమ్మా, నువ్వు కాస్త అటు..." అన్నారెవరో. అటు అంటే ఎటో తెలియక లేచి నిలబడ్డాను. (ఉపన్యాసం నాది. ఆహ్వానపత్రికలో పేరు నాది. నిలబడిందీ నేనే.) ఇక దండలు, శాలువాలు. ఆ ఇరుకులో దండ వేయడానికి వచ్చిన ప్రతివాళ్లూ సోఫాకు తగలడం, లోపలి ఇద్దరూ ఇంకాస్త దగ్గరకు జరగడం. "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తానండి," అన్న ప్రతి పెద్దమనిషీ అరగంట మాట్లాడాడు. నేను తెర పక్కన నిలబడి పళ్లు నూరుకున్నాను. వెనక వరుసలో నాన్న గడియారం చూసుకుంటున్నారు.

పన్నెండున్నరకు నన్ను పిలిచారు. మైకు పట్టుకున్నానో లేదో, కరెంటు పోయింది. మూడు రాత్రులు కూర్చుని చేసుకున్న బొమ్మలన్నీ ప్రొజెక్టరుతో పాటే చల్లారిపోయాయి. "అమ్మా, పది నిమిషాల్లో పిల్లల బస్సులు పోతాయండి, త్వరగా," అన్నారు ప్రిన్సిపాల్ గారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే ఈ సోఫానే చూడండి," అని అరిచాను. మైకు కూడా అక్కర్లేకపోయింది. "ఇందాక ఇందులో ప్రిన్సిపాల్ గారు, నేను కూర్చున్నాం. అదొక నక్షత్రాల జంట. ప్రెసిడెంట్ గారొచ్చారు. ఆయన న్యూట్రాన్ నక్షత్రం, అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలిన గట్టి ముద్ద. సూర్యుడికన్నా బరువు, కానీ నందిగామకీ పేటకీ మధ్య పట్టేస్తుంది. ముగ్గురికీ చోటు లేదు కాబట్టి తేలికైనది లేవాల్సొచ్చింది. అది నేను! ఖాళీ మైదానంలో తిరిగితే యుగాలు గడిచినా ఆయనకెవరూ తగలరు. ఇలా కిక్కిరిసిన చోటైతే తగలక తప్పదు. అందుకే ఇలాంటి జంటలు ఆ గుంపుల్లో అంత ఎక్కువ. తర్వాత దారిన పోయేవాళ్లంతా తగిలి ఇద్దర్నీ ఇంకా దగ్గరకు నెట్టారు. బాగా దగ్గరయ్యాక బరువైనది పక్కదాని వాయువు లాక్కుంటుంది. చూడండి, ప్రెసిడెంట్ గారి చెయ్యి ఎవరి ప్లేటులో ఉందో! అలా పడే వాయువు లక్షల డిగ్రీలకు కాగి ఎక్స్-కిరణాలు చిమ్ముతుంది. మూడేళ్లుగా నేను చేసేది ఇదే!"

ప్రిన్సిపాల్ గారు ప్లేటు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ప్రెసిడెంట్ గారు గొంతు సవరించుకుని, "అంటే అమ్మా, నేను సూర్యుడికంటే బరువా?" అన్నారు.

"అవునండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. తన మీది శాలువా తీసి నాకు కప్పించారు. పిల్లలు ఈలలు వేశారు.

తిరుగు బస్సు చిల్లకల్లు ఊరు దాటేదాకా ఓపిక పట్టాను. ఆగలేక, "అర్థమైందా?" అని నేనే అడిగాను.

"వేదాద్రి తిరునాళ్లకి కిక్కిరిసిపోయే బస్సేగా. ఎప్పుడూ చూసేదే. అది సరేగానీ, లేపేసిన ఆ చిన్న నక్షత్రం ఏమైంది?"

"నాన్నా! నేను చెప్పింది మిగిలిన రెండింటి గురించి!"

"అవెటూ కూర్చున్నాయిగా. దీని సంగతేంటి?"

"విసురుగా పోతుంది. ఒక్కోసారి గుంపు దాటి బయటికే పోతుంది. దాని గురించి నేను లెక్కలేం కట్టలేదు."

"కట్టలేదా? మరింకేం, నీ పని అవలేదన్నమాట. నిలబడ్డోళ్లు ఎక్కడ దిగారో చూసుకోకుండా బస్సు నడిపితే ఎట్లా? వెళ్లి అది తేల్చుకురా. దరఖాస్తు పెట్టబాకులే," అన్నారు, చాలా మామూలుగా.

గెలిచినదాన్ని సంతోషించాలా? లేదు. అసలు విషయం వదిలేసి అక్కర్లేనిది పట్టుకున్నారని నందిగామ బస్టాండు వచ్చేదాకా సణుగుతూనే ఉన్నాను. ఆ విసిరేసిన నక్షత్రాలు ఎటుపోతాయో తేల్చడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. నా పరిశోధన గ్రంథంలో నలుగురూ మెచ్చుకున్న అధ్యాయం అదొక్కటే. అందరి ముందూ జరిగే ఆఖరి మౌఖిక పరీక్ష రోజు ప్రొఫెసర్లు, "ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడిగితే, "పని చేస్తుంటే నాకే తట్టిందండి," అని ఇంగ్లీషులో దర్జాగా చెప్పాను. వెనక వరుసలో నాన్న ఉన్నారు. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, నవ్వు వెనకాలే సిగ్గూ వస్తుంది. నేను చెప్పింది ఆయనకు అర్థమై ఉండదని చాలాకాలం ధైర్యంగా ఉన్నాను. ఆ మాత్రం ఇంగ్లీషు ఆయనకు బాగానే వచ్చునని ఈ మధ్యే తట్టింది. ఆ రోజు అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఆయనే.