గానుగ దగ్గర ఇత్తడి గ్లాసు

మా ఆయన పాస్టరు, చీమకు కూడా హాని తలపెట్టని మనిషి. నాకు మాత్రం కోపం ముక్కు మీదే ఉంటుంది.

బోధన్ పక్కన మా ఊళ్లో చెరుకు గానుగ ఆడుతుంటే, దారిన పోయేవాళ్లెవరినీ రసం పోయకుండా పంపేవాళ్లు కాదు. మా వాడవాళ్లకు మాత్రం గ్లాసు ఇవ్వరు, పైనుంచి దోసిట్లోకి పోస్తారు. ఒకరోజు మా ఆయన ఇంట్లోంచి ఇత్తడి గ్లాసు తీసుకెళ్లి, గానుగ సొంతదారు పటేలు ముందు చాపాడు. నేనూ వెంట ఉన్నాను.

"దోసిలి పట్టురా," అన్నాడు పటేలు.

"నేను గూడ మనిషినే గద పటేలా. గిలాసల పొయ్యుండ్రి."

పటేలు చెరుకుగడ అందుకొని, అది మూడు ముక్కలయ్యేదాకా ఆయన వీపు మీద కొట్టాడు. నేను రాయి ఎత్తాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపి, వంగి ఆ ముక్కలు ఏరి గానుగలో పెట్టాడు.

"గిది నా వీపు మీద ఇరిగిన చెరుకు. దీని రసమన్న గిలాసల పొయ్యుండ్రి."

పొయ్యలేదు. ఆ రసం కూడా వాళ్ల కడవలోనే పడింది.

మర్నాడు పొద్దున ఆయన మళ్లీ అదే గ్లాసు కడుగుతున్నాడు. ఆయన శాంతం నాకు ఇప్పటికీ రాలేదు. రాయి మాత్రం ముట్టలేదు. ఇంకో గ్లాసు తీసుకొని ఆయనకంటే ముందు నడిచాను.