మల్లెచెట్టుకు వేసిన మాత్రలు

ఈ పొద్దు పూతలపట్టు పక్క పల్లెలో ఏడు నెలల కడుపుతో ఉన్న ఒక కోడలిని చూసేదానికి సైకిల్ మీద పోయినాను. బిందె దించి, గోడ పట్టుకోని ఎగపోస్తా ఉండాది. కనురెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయింది.

పోయిన నెలే అత్తాకోడళ్ల ముందర చార్టు పరిచి చెప్పినాను: నెత్తుట్లో ఎర్ర కణాలే ఊపిరితిత్తుల కాడ ఆక్సిజన్ ఎత్తుకోని ఒళ్లంతా మోస్తాయి, కడుపులో బిడ్డకూ అదే ఆధారం, ఇనుము తక్కువైతే ఆ మోత సాగదు అని. రక్తం పట్టే మాత్రలూ ఇచ్చినాను.

"మాత్రలేమైనాయి?" అంటే అత్త మల్లెచెట్టు చూపించింది. "దాని మొదట్లో వేసినా నర్సమ్మా. మింగితే బిడ్డ నల్లగా పుడతాదంట."

చెట్టు నిండా పూలు. కోడలి జడలోనూ అవే. నాకు ఒళ్లు మండింది.

"మరి చెట్టుకు నల్లపూలు పూసినాయా పెద్దమ్మా?"

ఆమె చెట్టును చూసింది, కోడలిని చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. నేనిచ్చిన కొత్త మాత్రను నా ముందరే మింగించింది.

ఆరేండ్లుగా ఆ చార్టు మోస్తా ఉండాను. రేపట్నించి చార్టు తీసుకోని పోవాల్నా, మల్లెకొమ్మ తీసుకోని పోవాల్నా? మీరే చెప్పండి.