చస్తే రిమోట్ ఇవ్వాలి

చిన్నప్పుడు మనమంతా ఆడిన వీడియో గేము గుర్తుందా, కుడివైపుకి పరిగెడుతూ గోతులు దూకేది? దానికి కొత్త భాగం వచ్చింది. నాకంటే ముందే మా మేనత్త కొడుకు అప్పలరాజు బావ కొనేశాడు. ఇక్కడ మీకు గేముల రివ్యూలు రాసేది నేను, కొన్నది వాడు! ఆ ఏడుపుతోనే ఇవాళ అచ్యుతాపురంలో షిఫ్టు దిగి తిన్నగా గాజువాకలో వాళ్ళింటికి వెళ్ళాను.

మాకో పాత రూలుంది. అప్పట్లో అందరికీ ఒకటే రిమోట్ కాబట్టి, గోతిలో పడి చచ్చినవాడు నోరెత్తకుండా పక్కవాడికి ఇచ్చేయాలి. బావ మొదటి గోతిలోనే పడ్డాడు. నేను చెయ్యి చాపాను.

"సచ్చిపోనావు బావా, రిమోటిలాగిచ్చీ."

"ఏటి సావడం? నాను బతికే ఉన్నాను, సూడు!"

నిజమే. కొత్త గేములో లైఫులు అయిపోవడమంటూ లేదు. బొమ్మ రెప్పపాటులో మళ్ళీ గోతి ఒడ్డున నిలబడింది. ఆ తర్వాత బావ పడని గొయ్యి లేదు, నా చెయ్యి మాత్రం చాపినట్టే ఉంది.

ఇంతలో వాళ్ళావిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. అడగనైనా లేదు. బావ రిమోట్ ఆవిడ చేతిలో పెట్టేసి, "ఇక్కడ కూసింత ఆగి దూకాల" అని నేర్పడం మొదలెట్టాడు. ఆ కిటుకు వాడికి నేర్పింది నేను!

నా రివ్యూ: బొమ్మలు బ్రహ్మాండం, సంగీతం అదుర్స్, ఆట ఎలా ఉందో బావని అడగండి. ఆ గేము ఉండి, గోతిలో పడితే నిజాయితీగా చచ్చేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే చెప్పండి. ఆదివారం నేను ఖాళీయే.